సీసాలోకి వచ్చిన సముద్రపు ఇసుక

తడి ఇసుక మీద వెంట్రుకంత సన్నని గీత కనిపించింది. పిల్లలెవరో పుల్లతో గీశారనుకున్నాను. నేను చూస్తుండగానే అది వెడల్పైంది. గీతకు ఇవతల నా కొడుకు కాళ్ళు మాత్రమే ఉన్నాయి. మిగతా వాడంతా ఇసుక లోపలున్నాడు.

కంపెనీ ఇచ్చే ఎల్‌టీసీ మీద వైజాగు వెళ్ళాం. సముద్రం చూడడం మా అందరికీ అదే మొదలు. బీచిలో తక్కిన పిల్లలు గుళ్ళు, కోటలు కడుతుంటే, గోదావరిఖని క్వార్టర్లలో పుట్టిన నా పిల్లలు ఇసుక గట్టులోకి అడ్డంగా బాయి తవ్వారు. బొగ్గుగనిని మేం బాయి అంటాం. వాళ్ళ బాపు, అంటే మా ఆయన, పనిచేసేది అందులోనే. ఆటలో కూతురు, మా బిడ్డ, అజమాయిషీ చేసే సర్దారు, చిన్నోడు కార్మికుడు. పైకప్పు కూలకుండా ఐస్‌క్రీం పుల్లలు సపోర్టులు.

"ఇంకో సపోర్టు పెట్టున్రి. లేకుంటే మేనేజరు నన్ను ఇంటికి తోలుతడు," అని వాళ్ళ బాపు పక్కనే పల్లీలు నములుతూ నవ్వుతున్నాడు. నేనూ నవ్వుతూనే ఉన్నాను, ఆ గీత కనబడేదాకా.

నా కేక పూర్తికాక ముందే ఆయన రెండు కాళ్ళూ పట్టి వాణ్ణి బయటికి గుంజాడు. వెనకాలే బాయి కూలింది. చప్పుడే రాలేదు.

చిన్నోడు నోట్లో ఇసుక ఉమ్మి, "అమ్మా, నా పుల్లలన్నీ పోయినయ్!" అని ఏడ్చాడు. బిడ్డ ఏడవలేదు. గుంట వైపే చూస్తూ అడిగింది.

"బాపూ, నీ బాయిల గూడ ఇట్లనే పడ్తదా?"

"మాది గట్టి బండ బిడ్డా. దిగంగనే పైకప్పును తట్టి చూస్తం. మోగే తీరుతోటే తెలుస్తది."

"మరి దీన్నెందుకు తట్టలే?"

ఆయన చిన్నోడి చెవుల్లో ఇసుక దులిపాడు.

ఆ ఇసుకే ఒక నీళ్ళ బాటిల్లో నింపుకుని, గవ్వలు కొంగున కట్టుకుని ఇల్లు చేరాం. రైలంతా తడి బట్టల వాసన, ఉప్పు వాసన. ఇప్పుడు తలుచుకుంటే ఆ వాసన కూడా ఇష్టంగానే ఉంటుంది.

మర్నాడు ఆయనకు ఫస్టు షిఫ్టు. ఇల్లు చేరిన సాయంత్రమే చూస్తే డ్యూటీ బూట్లు లేవు. ఇల్లంతా వెతికితే బియ్యం బస్తా వెనక దొరికాయి. దాచింది ఎవరో మాకు తెలుసు.

ఆయన ఖాళీ పచ్చడి సీసా కడిగి తెచ్చి బిడ్డ ముందు పెట్టాడు. "రా, సముద్రాన్ని ఇండ్ల పెడ్దాం."

గవ్వలు బయటికి కనబడేలా సీసా అద్దానికి ఆనించి నిలబెట్టాం. మధ్యలో బిడ్డ ఇసుక పోసింది. గవ్వల సందుల్లో ఖాళీలు మిగిలాయి. ఆయన గ్లాసుతో నీళ్ళు పోశాడు. ఇసుక మెల్లగా ప్రతి సందులోకీ జారింది.

"చూసినవా? బొగ్గు తీసినంక మేం గూడ గిట్లనే గోదారి ఇసుక నీళ్ళల్ల కలిపి ఆ ఖాళీల్లకు పంపుతం. నిండినకాడ పడనీకి జాగుండది."

"నింపకముందు?"

"నింపకముందు... పైలంగ, జాగర్తగ ఉంటం బిడ్డా."

అబద్ధం చెప్పలేదాయన. అబద్ధం చెబితేనే బాగుండేదని నాకనిపించింది. నీళ్ళు వంచేసి, తడి ఆరడానికి సీసాను మూత లేకుండా కిటికీలో పెట్టాడు.

ఆ సీసా ఇప్పుడు టీవీ పక్కన ఉంది. ఇది రాస్తూ మధ్యమధ్య దాని వైపే చూస్తున్నాను. ఈ రాత్రి కూడా ఆయన డ్యూటీలోనే ఉన్నాడు.

సీసా నింపిన మర్నాడు పిల్లలు లేచేసరికి ఆయన ఫస్టు షిఫ్టుకు వెళ్ళిపోయాడు. బిడ్డ కళ్ళు నులుముకుంటూ నేరుగా బూట్ల జాగకు పోయి, అవి లేవని చూసి, అక్కడే నిలబడింది. చిన్నోడు సీసా మూత పట్టుకుని కిటికీ ఎక్కుతున్నాడు. రాత్రంతా నేను ఏవేవో మాటలు కూడబెట్టుకున్నాను. బాపుకేం కాదు, బాపు గట్టోడు అని. తీరా పిల్లల మొహాలు చూశాక ఆ మాటలు పక్కన పెట్టి, చిన్నోణ్ణి కిటికీ మీంచి దించాను.

"మూత ఆడ పెట్టురా," అన్నాను. "ఇసుక ఇంకా ఆరలే. పగటీలి షిఫ్టు దిగి బాపు వస్తడు గదా, ఆయనతోనే పెట్టిద్దాం. అప్పటిదాంక ఎవ్వలు ముట్టద్దు. పోన్రి, మొకాలు కడుక్కోన్రి."