నాయన అతికించిన మెట్టు

రాయదుర్గంలో నాకు చిన్న వెల్డింగు షాపు ఉంది. పని విషయంలో నాకు పొగరు ఎక్కువ. నేను అతికించిన ఇనుము మీద వేలు పెట్టి రాస్తే అతుకు తగలకూడదు. ఎదుటివాడి పని చూస్తే నా మొహం దానంతటదే ముడుచుకుంటుంది.

నాయన పోయాక ఆయన పాత లారీ షాపు వెనక కంపచెట్లలో నిలబడిపోయింది. కరువు రోజుల్లో కణేకల్ కాలవ కింది ఊళ్ల నుంచి నాయన వరిగడ్డి తోలిన బండి అది. దగ్గరుండి గడ్డి ఎత్తించేది అమ్మే. డ్రైవరు పక్క సీటు ఎప్పుడూ ఆమెదే. నాయన తరువాత అమ్మ నన్ను ఏదీ అడగలేదు, ఒక్కటి తప్ప.

"ఆ బండి బాగు చేస్తావేమిరా? ఒకతూరి ఎక్కి కణేకల్ దాకా పోయొస్తా" అంది.

సరేనని మొదలుపెట్టాను. అంత పాత బండికి సామాన్లు ఎక్కడా దొరకవు. అట్ట కోసి కొలత చూసుకోవడం, దాని ప్రకారం రేకు కత్తిరించడం, సుత్తితో కొట్టి వంపు తీయడం, అన్నీ నేనే. తలుపులు, బానెట్టు, బంపరు తయారయ్యేసరికి అమ్మ బండి కాస్తా నా బండి అయిపోయింది. ఫోన్లో చూసిన బొమ్మల్లా ఎత్తుగా కనపడాలని స్ప్రింగు పట్టీలు కూడా పెంచాను. ఎడమ తలుపు కింద నాయన అతికించిన మెట్టు ఒకటి ఉండేది, ఎద్దులబండి చక్రం ఇనుప పట్టా ముక్క. నాయనకు వెల్డింగు రాదు. అతుకంతా కాకిరెట్టల్లా గడ్డలు గడ్డలు. నా షాపు నుంచి వెళ్లే బండికి ఈ దరిద్రమేమిటని అన్నిటికన్నా ముందు దాన్నే కోసి పాత ఇనుములో వేసేశాను.

పూజ రోజు వీధంతా వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ఫోన్లు పైకి లేచాయి. అమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చి, ఎడమ తలుపు తీసి, కమ్మీ పట్టుకుని, కిందికి చూడకుండానే కాలెత్తింది. కాలికి ఏమీ తగల్లేదు.

"మెట్టు యాడరా?"

"బాగలేదని కోసేసినా మా."

"నేను పొట్టిదాన్నని నాకోసరం ఏసినాడు కదరా మీ నాయన!"

నాకు తల కొట్టేసినట్లయింది. పక్కనున్న స్నేహితుడు "ఎత్తి కూసోబెడదాం, పట్టన్నా" అన్నాడు. అమ్మ వెనక్కి జరిగింది.

"నన్నేమన్నా శెనక్కాయల మూట అనుకుంటిరా? వద్దు. నువ్వు పోయిరా పో. మంచి టైము దాటిపోతాది."

స్టూలు తెమ్మంటే ఎవరైనా తెచ్చేవారు. కానీ అంతమంది ముందు నా బండికి వంక ఉందని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. ఎక్కి స్టార్టు చేశాను. నిమ్మకాయలు చితికాయి. జనం ఈలలు వేశారు. కణేకల్ దాకా పక్క సీటు వైపు తల తిప్పలేకపోయాను.

మరునాడే మెట్టు వేశాను, బాగా కిందికి, వెడల్పుగా. అమ్మ చూసి "బాగుండాది లేప్పా" అని ఇంట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ రమ్మని పిలవడానికి నాకు మొహం చెల్లడం లేదు.

ఆనాటి వీడియో బంధువుల ఫోన్లన్నిటిలో తిరుగుతోంది. మొదట్లోనే ఒక మూల అమ్మ కాలు కనిపిస్తుంది. పైకి లేస్తుంది, ఆనే చోటు కోసం వెతుక్కుంటుంది, మెల్లగా కిందికి దిగుతుంది. చూసినవాళ్లందరూ ఫోన్ చేసి, బంపరు అదిరిందంటారు.