నురగమ్మ ఇల్లు, ఏజెంటు పందెం

మా మరదలి సంచీలో రెండు వస్తువులు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి మూతున్న గాజు సీసా, రెండోది సబ్బు ముక్క. ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళ క్షేమం అడగదు, కుళాయి ఎక్కడుందని అడుగుతుంది. సీసాలో సగం దాకా నీళ్ళు పట్టి, సబ్బు కాస్త గీకి వేసి, మూత బిగించి ఊపుతుంది. నురగ లేచి నిలబడిందా, ఆ ఇంట్లో కాఫీ తాగుతుంది. నురగ విరిగి తెల్లటి తెట్టు కట్టిందా, "ఇప్పుడే తాగి వస్తున్నానండీ" అని లేచిపోతుంది. మా పెద్దవాడికి పిల్లను చూడ్డానికి వెళ్ళినచోట కూడా ఈ పరీక్ష చేసి, బంగారం లాంటి సంబంధం తప్పించింది. మా వాళ్ళందరూ ఆమెను నురగమ్మ అనడం అప్పుడే మొదలైంది.

నురగమ్మ పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు పనిచేసింది. భూమి కింది అంతస్తు. కిటికీ లేదు, ఆవిరి తప్ప గాలి లేదు. రక్తం మరకా, అయోడిన్ మరకా, టీ మరకా అన్నది దుప్పటి మడత విప్పకుండానే వాసన చూసి చెప్పేసేది. ఆమె చేతుల మీదుగా వెళ్ళిన దుప్పట్లని ఒకదానికొకటి ముడేసుకుంటూ పోతే చందమామ దాకా వెళ్ళి, అక్కడ ఏ గుంజకో ఒక చుట్టు చుట్టి, తిరిగి ఇంటికి వచ్చేయొచ్చు. నేను చదివిన కాన్వెంటులో సిస్టరు అబద్ధానికి రెండు దెబ్బలు, పెంచి చెప్పినందుకు ఒక దెబ్బ వేసేది. ఒక దెబ్బంటే నాకెప్పుడూ లెక్క లేదు.

ఉద్యోగం నుంచి దిగిపోగానే నురగమ్మ ఎవరికీ చెప్పకుండా మట్టిరోడ్డు చివర ఒక ఇల్లు కొనేసింది. రెండు గదులు, ముందు వరండా, వెనక ఒక పాత చేతిపంపు. ఆ పంపు నీళ్ళతో సీసా ఊపితే నురగ మూతను తన్నుకుని లేచి, ఇల్లు చూపించడానికి వచ్చిన బ్రోకరు మీసాల మీద పడిందట. ఆవిడ గదుల్లోకి తొంగి కూడా చూడకుండా అక్కడే నిలబడి బయానా ఇచ్చేసింది.

"మీ నురగ సంగతి సరేనండీ, లోపల కరెంటు తీగలు లేవు" అన్నాడట బ్రోకరు నిజాయితీగా, మీసాలు తుడుచుకుంటూ.

"తీగలు నేను కొనుక్కుంటా. నీళ్ళు ఏ కొట్లో దొరుకుతాయి?" అందట మా మరదలు.

ఇక ఆమె భర్త, నా తోడల్లుడు. ఇన్సూరెన్సు ఏజెంటు. గడప దాటితే మనిషి కాలు విరుగుతుందని, దాటకపోతే నెత్తిన పైకప్పు పడుతుందని మనస్ఫూర్తిగా నమ్మేవాడు. ఇల్లు చూడగానే మొహం మాడ్చుకున్నాడు.

"పాము వస్తే?"

"రానివ్వండి. మిమ్మల్ని చూసి అదే పారిపోతుంది."

"పిడుగు పడితే? అర్ధరాత్రి గుండె పట్టేస్తే? కరెంటు పోతే? ఏమే, ఇది కొంప కాదు, క్లెయిము ఫారం!"

పక్కనే ఇటుకల బట్టీ ఉంది. ఆ బట్టీ ఆసామి ఇల్లు కూలగొట్టి మట్టి తవ్వుకుంటానని, ఇమ్మని, రోజూ ఏజెంటుకి ఫోను చేసేవాడు. ఇంట్లో యుద్ధం మొదలైంది. చివరికి మా వరండాలో, నన్నూ మా ఆవిణ్ణీ సాక్షులుగా కూర్చోబెట్టి, ఏజెంటు తన షరతు చెప్పాడు.

"ఇదిగో అన్నయ్యా, మీరే వినండి. మీ మరదలు ఆ ఇంటికి ఏమేం కావాలో అన్నీ అమర్చుకోమనండి. ఆ తర్వాత ఒక ఆదివారం మన చుట్టాలందరినీ పిలుద్దాం. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా స్నానాలు, వంటలు, భోజనాలు. టౌనుకి మనిషిని పంపకూడదు. పక్కిళ్ళలో చెయ్యి చాచకూడదు. ఆ పూట ఇల్లు నడిచిందా, నోరు మూసుకుని అక్కడే ఉంటాను. నడవలేదా, మర్నాడే బట్టీ ఆసామికి ఇచ్చేద్దాం."

"మాట మీద ఉంటారా?" అంది నురగమ్మ.

"నేను పాలసీ రాసి తప్పానా ఎప్పుడైనా?"

"బావగారూ, విన్నారు కదా. అక్కా, నువ్వూ విన్నావు" అని కొంగు దోపుకుంది.

ఆ తర్వాత మా మరదలు బజారు మీద పడింది. నేను ఆమె వెనకాల సంచీలు మోశాను. కొన్నప్పటి కంటే వద్దన్నప్పుడే ఆవిణ్ణి చూడాలి. ట్యాంకుల కొట్టువాడు ఏనుగంత ట్యాంకు చూపించి, "తీస్కోండమ్మా, జీవితాంతం చూడక్కర్లేదు" అన్నాడు. "ఆ బరువుకి నా పైకప్పు నా నెత్తి మీదకొస్తుంది. చూడ్డానికి నేనుండను" అని, చిన్న ట్యాంకుల్లో ఒకటి తీసుకుంది. నీళ్ళు పైనే తగులుతున్నాయి కాబట్టి పెద్ద మోటారు వద్దంది. చిన్నదాన్ని ఆ చేతిపంపు గొట్టానికే కలిపించింది. "ఇంక ఈ తుప్పు పంపు ఎందుకమ్మా, పీకేస్తాను" అని ప్లంబరు స్పానరు ఎత్తితే, "నీ ముక్కు పీకుతాను" అంది. స్నానాల గది నీళ్ళు వెనక కూరగాయల మళ్ళలోకి పోయేలా కాలువ తీయించింది. గ్యాసు బండి మట్టిరోడ్డులోకి రాదని తెలిసి రెండో సిలిండరు కట్టించుకుంది. రెండు దీపాలకీ ఫ్యానుకీ సరిపడా సోలారు పలక పెట్టించింది. "దాంతో మోటారు కూడా తిరుగుతుందా?" అని నేను అడిగితే, "తిరుగుతుంది బావగారూ, మీరు వెనకనుంచి తోస్తే" అంది.

అసలు సరదా కాల్చే పొయ్యి దగ్గర వచ్చింది. ఇంతమంది చుట్టాలకి చేపలు, కోడి, మొక్కజొన్న కండెలు ఆరుబయట నిప్పుల మీద కాల్చి పెట్టాలని ఆవిడ పట్టుదల. కొట్లో చక్రాలు, మూత, వేడి చూపే గడియారం ముల్లు ఉన్న మెరుపు పొయ్యి ఒకటి ఉంది. దాని కాళ్ళు పట్టుకుని ఊపింది. అది మలేరియా రోగిలా వణికింది. "ఇది పొయ్యి కాదు, పెళ్ళికొడుకు" అని బయటికొచ్చేసి, వెల్డరు దగ్గర పాత ఇనుప డ్రమ్ము నిలువునా కోయించింది. పైన జల్లెడగా వెల్డరు జింకు పూత ఉన్న వల తెచ్చాడు. నిప్పు తగిలితే ఆ పూత విషం పొగ కక్కుతుంది కాబట్టి వద్దని వెనక్కి ఇచ్చేసి, తన ఆసుపత్రి పాత సామాన్ల గుట్టలోంచి దుప్పట్లు మోసే స్టీలు ట్రాలీ కమ్మీల అర ఒకటి కొనుక్కొచ్చింది.

ఏజెంటు దాన్ని చూసి అదిరిపోయాడు. "రోగుల దుప్పట్లు పెట్టిన దాని మీద మేం చేపలు తినాలా?"

"ఈ స్టీలుని సోడా వేసి మూడు సార్లు ఉడకబెట్టాను. మీరు ఇంతవరకూ ఒక్కసారి కూడా ఉడకలేదు. ఎవరు శుభ్రం?"

ఆదివారం వచ్చింది. ఎండ చురుక్కుమంటోంది. చుట్టాలు రెండు వ్యానుల నిండా దిగారు. ఏజెంటు తన కారులో, అక్కగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వచ్చాడు. ఆ అక్కగారి జడ ఎంత పొడుగంటే, కారు తలుపు వేశాక కూడా కొస కాసేపు బయటే ఉండిపోయింది. ఆవిడ చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పి, సబ్బు రాసి, అలాగే నిలబడిపోయింది.

"అబ్బ! ఏం నురగే మరదలా! మా ఇంట్లో సబ్బు రాస్తే రాయికి రాసినట్టుంటుంది."

అంతే. నురగమ్మ మొహం వెయ్యి దీపాల వెలుగైంది. ముప్పై ఏళ్ళు ఆవిరిలో మగ్గిన మనిషి నీళ్ళను మొదటిసారి ఒకరు మెచ్చుకున్నారు. ఆ ఆనందంలో, ఆమె తప్ప భూమ్మీద ఇంకెవరూ చేయని పొరపాటు చేసింది.

"చేతులేంటి వదినా, తల రుద్దుకుని చూడండి! మీ జుట్టు పట్టు అయిపోతుంది. అందరూ తలస్నానాలు చేయండి! సబ్బులు నేనిస్తా! సిగ్గుపడకండి!"

చుట్టాలు సిగ్గుపడలేదు. స్నానాల గది ముందు సినిమాహాలు ముందున్నంత గుంపు చేరింది. ఒక్క అక్కగారి జడకే ట్యాంకు నడుం దాకా దిగిపోయి ఉంటుంది. లోపలికి వెళ్ళినవాళ్ళు పాటలు పాడుతున్నారు. బయటికొచ్చినవాళ్ళు తలలు విదిలించుకుంటూ "అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో" అని రెండోసారి వరసలో నిలబడుతున్నారు. నురగమ్మ డ్రమ్ము పొయ్యి దగ్గర చేపలు తిప్పుతూ, ప్రతి తలకీ పొంగిపోతోంది. అందరి తర్వాత ఏజెంటు తువ్వాలు భుజాన వేసుకుని, "ఏదో చూద్దాం" అంటూ లోపలికి వెళ్ళాడు.

అప్పుడు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ముందు కరెంటు పోయింది. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత కోడి కొవ్వు నిప్పుల్లో కారి భగ్గుమని మంట లేచింది. అది ఎంత లేచిందంటే, పైన పోతున్న కాకి ఒకటి దారి మార్చుకుంది. నురగమ్మ "మూత! రేకు మూత వేయండి!" అని అరిచేలోపే మా ఆవిడ కంగారులో తాగే నీళ్ళ బిందె ఎత్తి మొత్తం కుమ్మరించేసింది. పొగ, బూడిద, దగ్గులు. ఒక పక్క నిప్పులు చచ్చాయి. రెండో పక్క చేపలు మాత్రం ఏమీ ఎరగనట్టు చిటపటలాడుతున్నాయి.

"పర్లేదక్కా, బిందె మళ్ళీ నింపుకుందాం" అని నురగమ్మ కుళాయి తిప్పింది. కుళాయి ఒక్క తుమ్ము తుమ్మి ఊరుకుంది.

అదే సమయానికి స్నానాల గదిలోంచి కేక. "ఏమే! నీళ్ళేవీ? కళ్ళు మండిపోతున్నాయే!"

ట్యాంకు ఖాళీ. మోటారుకి కరెంటు లేదు. చుట్టాలు గతుక్కుమన్నారు. నురగమ్మ మాత్రం నవ్వింది. పరిగెత్తుకెళ్ళి చేతిపంపు అందుకుని కొట్టింది. గర్ గర్ మని గాలి. ఇంకో నాలుగు సార్లు కొట్టింది. గాలే. మోటారు పెట్టాక ఆ పంపును ఎవరూ ముట్టుకోలేదు. లోపల తోలు వాషరు ఎండి అప్పడమైంది. పైనుంచి కాసిన్ని నీళ్ళు పోస్తే ఆ తోలు తడిసి బిగుసుకుంటుంది, అప్పుడు ఎన్ని కావాలంటే అన్ని నీళ్ళు లాగుతుంది. కానీ ఆ కాసిన్ని నీళ్ళు కావాలి. కాళ్ళ కింద భూమి నిండా నీళ్ళే. పైన గ్లాసెడు లేవు.

"కారు రేడియేటరులో ఉంటాయేమో" అన్నాను నేను, సాయపడదామని.

"ఆ పచ్చనీళ్ళు నా పంపులోనా బావగారూ?" అని చూసిన చూపుకి నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఒక కుర్రాణ్ణి పక్కింటికి పంపవే" అంది అక్కగారు.

"వద్దు వదినా!" నురగమ్మ అడ్డుపడింది. "పంపితే ఇల్లు పోయినట్టే."

పక్కన బట్టీలో ట్రాక్టరు గుర్రుమంటోంది. అప్పుడే స్నానాల గదిలోంచి మళ్ళీ కేక వచ్చింది, కాస్త సిగ్గు కలిపి.

"కారులో నా సీటు కింద సీసా ఉంది! మినరల్ వాటరు! తెచ్చి నా కళ్ళ మీద పోయండర్రా!"

ఇక్కడి నీళ్ళు తాగాల్సి వస్తుందేమోనని భయపడి మనిషి సీసా దాచి తెచ్చుకున్నాడు! నేను పరిగెత్తుకెళ్ళి తెచ్చాను. నురగమ్మ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని స్నానాల గది తలుపు దగ్గర నిలబడింది.

"ఏవండీ, సీసా తెచ్చాను. ఇవి మీ కళ్ళకి సరిపోతాయి. పంపుకి పోసినా సరిపోతాయి. రెంటికీ చాలవు."

లోపల నురగ పేలుతున్న చప్పుడు వినిపించిందంటే మీరు నమ్మరు.

"పంపుకి పోస్తే తప్పకుండా ఎక్కుతుందా?"

"తోలు చిరక్కపోతే ఎక్కుతుంది."

"చిరిగి ఉంటే?"

"మీ కళ్ళూ పోతాయి, నా ఇల్లూ పోతుంది. సీసా మీది. మీ ఇష్టం." అని తలుపు సందులోంచి సీసా లోపలికి పెట్టేసి, వెనక్కి వచ్చి నిలబడింది. కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

తలుపు తెరుచుకుంది. నడుముకి తువ్వాలు, తల మీద మబ్బంత నురగ, ఒక కన్ను గట్టిగా మూసి, రెండోది ఎర్రగా తెరిచి ఏజెంటు బయటికొచ్చాడు. చిన్నపిల్లలు కెవ్వుమన్నారు. సీసా మూత ఇంకా బిగించే ఉంది.

"జరగండి. ఎవరూ ముట్టుకోవద్దు. మీరు ఒలకబోస్తారు" అంటూ పంపు దగ్గరికి తడుముకుంటూ వెళ్ళాడు. సీసా వంచాడు. ఒక్కో చుక్కా ప్రీమియం కట్టినట్టు పోశాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు కొట్టండి. మెల్లిగా. పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి."

గర్. గర్. గుర్. ఏదో చప్పరించినట్టు శబ్దం. పిడి ఒక్కసారిగా బరువెక్కింది.

"పట్టింది!" అని నురగమ్మ గెంతింది. "ఆపకండి! ఆపకండి!"

పంపు గొంతులోంచి ఎర్రటి తుప్పు నీరు ఒక దోసెడు కక్కి, తర్వాత తెల్లగా, చల్లగా, మనిషి నడుమంత లావు ధార దూకింది. ఏజెంటు పిడి వదిలి తల దాని కిందికి దూర్చాడు. నేను అందుకుని కొట్టాను. ఆ తల మీద నురగ ఆ నీళ్ళతో కలిసి ఎంత పొంగిందంటే, కాలువ నిండి, మళ్ళు దాటి, మట్టిరోడ్డెక్కింది. రోడ్డు మీద పడుకున్న నల్లకుక్క లేచేసరికి గొర్రెపిల్ల అయిపోయింది. బట్టీ ట్రాక్టరువాడు బండి ఆపి చెప్పులు కడుక్కున్నాడు.

కేకలు, చప్పట్లు. ఆ హడావిడిలో అక్కగారు చెయ్యెత్తింది. "ఆగండి. ఒరేయ్ తమ్ముడూ, ఆ సీసా టౌనుది. టౌను నీళ్ళు వాడితేగానీ ఇల్లు నడవలేదు. పందెం నీదే."

నురగమ్మ గెంతడం ఆపేసింది. అందరం ఏజెంటు వైపు తిరిగాం. అతను మొహం తుడుచుకుని రెండు కళ్ళూ తెరిచి, ముందు పంపును చూశాడు, తర్వాత పెళ్ళాన్ని చూశాడు.

"అక్కా, టౌనుకి మనిషిని పంపకూడదన్నాను. పంపామా? సీసా పొద్దున్నే ఈ గేటు లోపలికి వచ్చింది. గేటు లోపలికి వచ్చింది ఇంటి సామానే. షరతు రాసినవాణ్ణి నేను, అర్థం కూడా నేనే చెప్తా."

"అదేం న్యాయంరా?"

"ఇన్సూరెన్సు న్యాయం. నువ్వు చేప తిను, ముల్లు చూసుకో."

స్టీలు అర మీద చేపలు అంచులు నల్లబడి, మధ్యలో తెల్లగా విచ్చుకున్నాయి. కండెలు పేలుతున్నాయి. అందరం చేతుల్తోనే లాక్కుని, వేళ్ళు కాల్చుకుని, ఊదుకుంటూ తిన్నాం. ఏజెంటు మాత్రం పళ్ళెం పట్టుకుని పంపు చుట్టూ ప్రదక్షిణం చేస్తూ ఆర్డర్లు వేస్తున్నాడు.

"రేపే కొత్త తోలు వేయించాలి. ఇంకొకటి ఇంట్లో అదనంగా ఉండాలి. ఇక్కడ ఎప్పుడూ ఒక బిందె నిండుగా, మూత పెట్టి ఉండాలి. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే మర్యాదగా ఉండదు. చుట్టాలకి తలస్నానం టోకెన్లు ఇవ్వాలి. పైన చిన్న రేకు వేస్తే వానలో కూడా కొట్టుకోవచ్చు..."

నురగమ్మ అతని వెనకాలే తిరుగుతోంది. కొరకడం మరిచిపోయిన చేప ముక్క చేతిలోనే చల్లారిపోయింది.

"అయితే ఉంటారా ఇక్కడ?"

ఏజెంటు నోట్లో ముక్క నములుతూనే ఆమె వైపు చిరాగ్గా చూశాడు.

"ఉండకపోతే? ఈ పంపును నీ చేతికి వదిలేసి పోతానా? ఊళ్ళోవాళ్ళందరినీ పిలిచి తలలు రుద్దిస్తావు!"