ముట్టుకోని దరఖాస్తు

బోధన్‌లో బీడీలు చేసే ఆడవాళ్లలో గంగమణికి మొండి మనిషన్న పేరుంది. ఊరికే వచ్చిన పేరు కాదు. కార్ఖానాలో చెకర్ తుకారాం బీడీ కట్టలను ఒక్కొక్కటే చూసి, నచ్చనిదాన్ని ఎడమ చేత్తో పక్కకు నెడతాడు. మిగతావాళ్లు గొణుక్కుంటూ దాన్ని తీసి బుట్టలో వేసుకుంటారు. గంగమణి ముట్టుకోదు. ముట్టుకుంటే తప్పు ఒప్పుకున్నట్టేనని ఆమె లెక్క. "ఏ బీడీ పాడైందో ఇప్పి సూపియ్యి తుకారామన్నా" అని నిలబడుతుంది. వెనక వరుస పెరుగుతుంది. తుకారాం మరాఠీలో ఏదో సణిగి కట్ట విప్పక తప్పదు. నిజంగా చెడ్డ బీడీ కనపడితే గంగమణి నోరెత్తకుండా తీసుకుంటుంది. కనపడకపోతే కట్ట మళ్లీ మంచివాటిలో చేరుతుంది.

ఈ తతంగమంతా తల్లి పక్కన నిలబడి చూస్తూ పెరిగిన పిల్ల రోజా. చూస్తూ అన్నాను గానీ, రోజాకు చూపు చాలా తక్కువ. పుట్టుకతోనే కంటి వెనక పొర బలహీనం, అద్దాలతో బాగయ్యేది కాదన్నారు డాక్టర్లు. బొటనవేలి గోరంత అక్షరమైతే జానెడు దూరంలో పెట్టుకుని చదువుతుంది, కాస్త నింపాదిగా రాస్తుంది. ఆ చూపుతోనే డిగ్రీ గట్టెక్కి, నిజామాబాద్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్‌లో చేరింది. బస్సు బోర్డు చదవలేకపోతేనేం, బోధన్ డిపో కండక్టర్లందరినీ గొంతును బట్టి గుర్తుపడుతుంది.

మొదటి సెమిస్టర్‌లో కాలేజీవాళ్లు ఆమెకు స్క్రైబ్‌ను ఇచ్చారు. అంటే రోజా చెబుతుంటే రాసిపెట్టే అమ్మాయి. ఇంటర్ చదువుతోంది, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, ఎకనామిక్స్ మాత్రం ఒక్క ముక్క తెలియదు. రోజా డిమాండ్ రేఖ గీయమంటే ఆ పిల్ల కిందికి దిగాల్సిన దాన్ని కొండెక్కించింది. ధర పెరిగేకొద్దీ జనం ఎగబడి కొంటారని తేల్చేసిందన్నమాట. రోజా భూతద్దం పెట్టి పోల్చుకునే లోపల గంట కొట్టారు. కంఠతా వచ్చిన పేపర్లో బొటాబొటిగా పాసయింది. మార్కులు తగ్గినందుకు కాదు, తనకు తెలిసింది తెలియనట్టుగా కాగితం మీద మిగిలిపోయినందుకు రోజా ఆ రోజు బస్సులో బోధన్ దాకా ఏడ్చింది. రెండో సెమిస్టర్ తన చేత్తోనే రాయాలని అప్పుడే గట్టిగా అనుకుంది.

ఊరికే అనుకుని కూర్చునే రకం కాదు. దివ్యాంగుల పరీక్షలకు ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలను జిరాక్స్ షాపులో పెద్దక్షరాల్లో తీయించుకుంది. నాలుగు రోజులు చదివింది. పెద్దక్షరాల ప్రశ్నపత్రం కావాలి, మూడు గంటలకు ఇంకో గంట కలపాలి, వెలుతురున్న చోట కూర్చోబెట్టాలి, స్క్రైబ్ వద్దు అని దరఖాస్తు రాసి, చూపు ఎంత తక్కువో ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ జతచేసింది. ఆ రోజు కార్ఖానాకు సెలవు కావడంతో, కూతురు చదివే చోటు చూద్దామని గంగమణి కూడా బస్సెక్కింది.

పరీక్షల విభాగం సూపరింటెండెంట్ భానుప్రసాద్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పని సులువయ్యేది, తిట్టుకునైనా బయటపడొచ్చు. ఆయనది దయగల మనసు. దరఖాస్తు చదివి, నవ్వి, బల్ల మీద రోజా వైపు జరిపాడు.

"గిదంతా ఎందుకమ్మా? ఈసారి ఇంకా మంచి పిల్లను చూసి పెడ్త. నువ్వు ఆరాంగ కూసొని చెప్పు, చాలు."

"నాకు రాసెటోళ్లు వద్దు సార్. నేనే రాస్త. నాకు పెద్దక్షరాలు, టైము కావాలె."

"పేపర్లు సీల్‌తోని వస్తయమ్మా. పెద్దగ ఎట్ల చేస్తం? నడ్వది. తీస్కపో."

"సీల్ తీసినంక మీ జిరాక్స్ మిషన్ల పెద్ద కాగితం మీద తీస్తే అయితది సార్. పది నిమిషాల పని."

ఆయన కాగితాన్ని ఇంకో జానెడు ముందుకు జరిపాడు. అది బల్ల అంచుకు వచ్చి ఆగింది. రోజా రెండు చేతులూ బ్యాగు మీద పెట్టుకుని నిలబడింది. వెనక హాల్‌టికెట్ల కోసం వచ్చినవాళ్లు విసుక్కోవడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. తుకారాంను ముప్పుతిప్పలు పెట్టే గంగమణి ఆఫీసు బల్ల ముందు మెత్తబడిపోయింది. "తీస్కో బిడ్డా. సార్లతోని మనకెందుకు? మల్ల కోపం జేస్తరు" అంటూ తనే చెయ్యి చాపింది. రోజా ఆ మణికట్టు పట్టుకుంది.

"ముట్టకు అవ్వా. కార్ఖానల నువ్వైతే తీస్కుంటుంటివా?"

గంగమణి కూతురి మొహం చూసింది, ఆ కాగితం చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుని కొంగు నడుముకు బిగించింది. "అవ్ సార్, తప్పేడుందో సూపియ్యుండ్రి. గప్పుడు తీస్కుంటం" అంది.

"ఎందుకు నడ్వదో దాని మీదనే రాసి సంతకం పెట్టుండ్రి సార్. ఏ రూల్ అడ్డమొస్తదో అది గూడ రాయుండ్రి" అంది రోజా, అదే మెత్తని గొంతుతో.

భానుప్రసాద్ పెన్ను తీశాడు. మూత తీశాడు. ఏ రూల్ రాయాలి? ఇరవై ఏళ్ల సర్వీసులో కాదనడానికి నోరు సరిపోయింది గానీ, కాదని రాయాల్సి రావడం ఆయనకిదే మొదటిసారి. రోజా అందించిన మార్గదర్శకాలు తిరగేశాడు. అంత పెద్ద అక్షరాల్లో కళ్ల ముందుంటే కనపడలేదనడం ఎవరికైనా కష్టమే. చివరికి దరఖాస్తును తన వైపు లాక్కుని, నంబరు వేసి, ముద్ర కొట్టి, "ప్రిన్సిపాల్ సార్‌తోని మాట్లాడ్త. పదిరోజుల్ల చెప్త" అన్నాడు. రోజా ఆ నంబరు రాయించుకుని గానీ కదల్లేదు. పదో రోజు వెళ్లి నిలబడితే, అడిగినవన్నీ ఒప్పుకున్నట్టు ఉత్తర్వు చేతికిచ్చాడు. కొంచెం గర్వంగానే ఇచ్చాడు, ఆ ఆలోచన మొదట తనకే వచ్చినట్టు.

పరీక్ష రోజు కిటికీ పక్కన బల్ల వేశారు. ప్రశ్నపత్రం బల్లంత వెడల్పున వచ్చింది. రోజా కాగితం మీదకు వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా, తన మానాన తాను రాసుకుపోయింది. మూడు గంటలు గడిచేసరికి హాలంతా ఖాళీ అయింది. ఆమెకూ, కాపలా ఉన్న లెక్చరర్‌కూ ఇంకో గంట మిగిలింది.

ఆ గంటలో నలభై నిమిషాలకే రాయడం పూర్తయింది. పెన్ను చప్పుడు ఆగడం విని లెక్చరర్ లేచాడు. "అయిపోయిందా అమ్మా? ఇచ్చేస్తే పోదాం."

"ఇంకా ఇరవై నిమిషాలున్నయి సార్. ఒకసారి సదువుకుంట."

తాను రాసింది తానే చదువుకోవడం ఎం.ఏ. పరీక్షల్లో రోజాకు అదే మొదటిసారి. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి ఒక్కో వరుసా వేలితో పట్టుకుంటూ వచ్చింది. ఏడో పేజీలో ఒక తప్పు దొరికింది. అది ఎవరో చేసింది కాదు, అచ్చంగా తనదే. కొట్టేసి, పక్కన సరైనది రాసింది.