ఒక్కటేనా, ఒక్క తీరా?

జఫర్‌గఢ్ ఉపదేశి దేవదాసుకు ఒకే ఒక్క రోగం. మనిషి కనబడితే చాలు, తండ్రీ కుమారుల పంచాయతీ తెంపనిదే వదిలేవాడు కాదు. పైనున్న తండ్రి దేవుడు, ఆయన కుమారుడు యేసు, ఇద్దరూ ఒక్కటేనా, లేకపోతే ఒక్క తీరుగా ఉండే ఇద్దరా? నిజానికి ఇది పదహారు వందల ఏండ్ల కింద, సముద్రాల అవతల నీకయ అనే ఊళ్లో బిషప్పులంతా కూర్చుని, కొట్లాడుకుని, ఒక్కటే అని తేల్చేసిన ముచ్చట. దేవదాసు లెక్కన మాత్రం అది నిన్న సాయంత్రమే సగంలో ఆగింది.

ఆ రోగంతో కాపురం చేసిన మనిషి సరోజన. పెండ్లయి వచ్చిన కొత్తలో ఆమెకేం తెలుసు పాపం! పొద్దున లేస్తే మొగుడు "అరియస్ మాట చెల్లది, అరియస్‌ను ఇడిసిపెట్ట" అని పండ్లు కొరుకుతుంటే, పొలం గట్టు కాడ ఎవరితోనో లొల్లి ఉందనుకుంది. కొన్నాళ్లు లోలోపలే భయపడి, ఆఖరికి అడిగేసింది.

"గా అరియస్ ఎవరయ్యా? తరిగొప్పుల ఊరాయనా?"

"కాదే. కొడుకు లేని కాలం ఒకటుండె, తండ్రి ఎనక చేసిండు అన్నోడు. నీకయ సభల ఓడిపోయిండు."

"ఓడినంక ఇంకేంది? రాజీ పడరాదు?"

"సచ్చి పదహారు వందల ఏండ్లాయె. ఎవనితోని రాజీ పడాలె?"

చచ్చినవాడితో కయ్యం పెట్టుకున్న మనిషికి తనను కట్టబెట్టిన బాపును సరోజన ఆ పూట మనసారా తిట్టుకుంది.

పాలుపోసే ఎల్లక్క పరేషాన్ ఇంకో రకం. ఆమె గిన్నెలో పాలు వంచుతుంటే దేవదాసు వంగి చూసి, "ఎల్లక్కా, నిన్నటి పాలూ ఇయ్యాల్టి పాలూ ఒక్కటేనా, ఒక్క తీరా?" అనేవాడు. ఎల్లక్క పాలచెంబు కింద పెట్టేసేది.

"మా పోచమ్మ మీద ఒట్టు అయ్యగారూ, నీళ్లు వొయ్యలే!"

"నీళ్ల సంగతి కాదక్కా, నీకయ సభ సంగతి."

"నీకయిందంటే సంతోషమే. నాకెప్పుడైతదో గది చెప్పు!"

అరవై తొమ్మిదిలో అయితే ఈ రోగం ఆయన ప్రాణం మీదికే తెచ్చింది. మొగుడూ పెండ్లాం బస్సులో జనగామ పోయారు. బస్టాండు దగ్గర కాలేజీ పిల్లలు అడ్డం కూర్చుని, ప్రత్యేక రాష్ట్రం కావాలని గొంతులు చించుకుంటున్నారు. దేవదాసు ఆ లోకంలో లేడు. కండక్టరుతో వాదన మంచి పాకాన పడింది. ఉండబట్టలేక సీట్లోంచి లేచి, కిటికీ అదిరేటట్టు అరిచాడు.

"ఒక్కటే! వేరంటే ఒప్పుకునేదే లేదు! ముమ్మాటికి ఒక్కటే!"

బస్టాండంతా ఇటు తిరిగింది. ఆనక యాభై మంది బస్సును చుట్టుముట్టారు.

"ఎవడ్రా గది? దించుండ్రి కిందికి! ఏందయ్యా ఒక్కటి?"

"తండ్రీ, కుమారుడు."

"మరి ఆంధ్ర, తెలంగాణ?"

సరోజన కండ్లు మూసుకుంది. దేవదాసు మాత్రం తొందరపడలేదు. గడ్డం గోక్కుంటూ నిదానంగా ఆలోచించాడు.

"గది నీకయ సభల చర్చకు రాలే బిడ్డా. నన్నడిగితే మాత్రం ఒక్కటి గాదు. ఒక్క తీరు సుత గాదు."

ఇంకేముంది! పిల్లలు ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. "ఒక్కటి గాదు, ఒక్క తీరు సుత గాదు" అని సాయంత్రం దాకా జనగామంతా మోగింది. సరోజన ఒక్కతే సంచీ మోసుకుంటూ చుట్టాలింటికి పోయింది.

ఇవన్నీ ఒక ఎత్తు, బువ్వ ముందటి పాఠం ఒక ఎత్తు. పెండ్లయినా పురుడైనా, ఆయన్ని పిలిచిన ఇంట్లో విస్తళ్ల ముందు అందరూ నిలబడి, ఆయన వెంట మాటలు పలకాలి. తండ్రీ కొడుకు ఒక్కటే. ఒక్క తీరు గాదు, ఒక్కటే. కొడుకు లేని కాలం లేదు. ఆఖరున, కన్న కొడుకే గని చేసిన కొడుకు గాడు. ఒక్క ముక్క జారిందా, మళ్లీ మొదటికెల్లి! జఫర్‌గఢ్‌లో వేడి అన్నం తిన్న క్రైస్తవుడు లేడు. పోచమ్మకు బోనమెత్తే ఎల్లక్క కూడా ఈ పాఠం తడుముకోకుండా చెప్పేది.

ఎనభై మూడులో ఆ ఆఖరి మాటే సమ్మయ్య ఇంటి మీదికొచ్చి కూర్చుంది. సమ్మయ్య జానెడు చెలక చేసుకుంటూ కూలికి పోయే మనిషి. మొదటి మొగుడు పోయిన రాములమ్మను చేసుకున్నప్పుడు ఆమె చంకలో పిల్లవాడు, ఏలియా. సమ్మయ్యకు ఆ తర్వాత పిల్లలు కాలేదు, కాలేదనే దిగులూ లేదు. ఏలియాను భుజాల మీద పెంచాడు, చదివించాడు. ఇప్పుడతను జనగామలో డాక్టరు దగ్గర కంపౌండరు. టేకుమట్ల పిల్ల విమలతో మాట కలిసింది, ఇద్దరికీ మనసు కుదిరింది. ఎటొచ్చీ విమలకు తండ్రి లేడు. పెద్దరికమంతా మేనమామ సోమనర్సయ్యది. ఆయన ఔనంటేనే పెండ్లి.

ప్రధానానికి ముందు రాములమ్మ సరోజన దగ్గరికి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది.

"అక్కా, మేం దాస్తలేం. అడిగితే చెప్తం. గని అయ్యగారు బువ్వ ముందట కన్న కొడుకే అనిపిస్తడు గద! గంత మంది నడుమ మా ఆయన గా మాట ఎట్ల పలుకుతడే? ఆ దినం అయ్యగారిని జర యాడికన్న పంపరాదు?"

ఆ సాయంత్రమే సరోజన మొగుణ్ణి అడిగింది.

"గా ఆఖరి ముక్క ఒక్కపూటకు ఇడిసిపెట్టరాదు?"

చర్చి అమ్మేద్దామని ఆమె అన్నట్టు దేవదాసు ఎగాదిగా చూశాడు. "అంత మంది బిషప్పులు కుదిర్చిన మాట. జఫర్‌గఢ్‌ల నేను మారుస్తనా?"

ప్రధానం రోజు రానే వచ్చింది. ఉంగరాలు తీసే వేళకు సోమనర్సయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ఎవరో ఊదినట్టున్నారు.

"సమ్మయ్యా, పిల్లగాడు నీ కన్న కొడుకేనా?"

"కాదన్నా," అన్నాడు సమ్మయ్య. "పెంచిన."

"మరి తండ్రి ఎవరో తెల్వని ఇంటికి పిల్లనెట్లిస్తం?"

విమల తల వంచేసుకుంది. ఏలియా లేచి సమ్మయ్య పక్కన నిలబడి, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడు గొంతు సవరించుకుంటూ దేవదాసు లేచాడు. పందిరంతా ఒక్కసారిగా మూలిగింది.

"సోమనర్సయ్యా, కొడుకు లేనోన్ని తండ్రంటరా?"

"అనరు."

"ఏలియా రాకముందు సమ్మయ్య ఎవరు?"

"ఎవరేంది? ఉత్త సమ్మయ్య."

"ఏలియా వచ్చినంక?"

"తండ్రి."

"తండ్రిని జేసిన కొడుకు ఈడనే ఉన్నడు, కొడుకు జేసిన తండ్రి ఈడనే ఉన్నడు. మరి తండ్రి తెల్వదంటవేంది? ఆగు, నీకయ సభకాడికెల్లి చెప్త."

చెప్పాడు. బిషప్పులు గుర్రాలెక్కి బయల్దేరారు, దారిలో ఆగారు, చేరారు, కూర్చున్నారు, అరియస్ లేచాడు. పొద్దు నడినెత్తి దాటింది. యాటకూర మీద కొవ్వు పేరుకుంది. చుట్టాలలో సగం మంది గోడలకు ఆనుకుని కునుకు తీశారు. అరియస్ రెండోసారి లేచేసరికి సోమనర్సయ్య చేతులెత్తి దండం పెట్టాడు.

"ఒక్కటేనయ్యా! తండ్రీ కొడుకు ఒక్కటే! ఉంగరాలు తియ్యుండ్రి, బువ్వ వెట్టుండ్రి!"

ఉంగరాలు మారాయి. విస్తళ్లు పడ్డాయి, అందరూ లేచి నిలబడ్డారు. సరోజన సమ్మయ్య దిక్కే చూస్తోంది. దేవదాసు వెంట అందరూ పలికారు, ఒక్కటే అన్నారు, ఒక్క తీరు గాదన్నారు, కొడుకు లేని కాలం లేదన్నారు. సమ్మయ్య గొంతు సన్నబడింది.

"ఆమెన్," అన్నాడు దేవదాసు. "కూసోండ్రి."

ఎవరూ కూర్చోలేదు. తెరిచిన నోళ్లు తెరిచినట్టే ఉన్నాయి. ఎల్లక్క అలవాటు కొద్దీ "కన్న..." అని అందుకుంది.

"ఎల్లక్కా, కూర సల్లారుతది!" అని గద్దించాడు దేవదాసు.

రాములమ్మ ముఖం తిప్పుకుని కండ్లు తుడుచుకుంది. సమ్మయ్య కడుపు నిండా తిన్నాడు, ఏలియా విస్తట్లో తన చేత్తోనే రెండు ముక్కలు ఎక్కువ వేశాడు.

ఇంటికి పోయే దారిలో సరోజన ఉండబట్టలేకపోయింది.

"మాట మారుస్తనా అన్నవ్ గద?"

"నోరు రాలేదే సరోజనా. దేవుని కొడుకే వడ్రంగి యోసేపు ఇంట్ల పెరిగిండాయె. యోసేపు కన్నడా? అయినా ఆయన్ని నాయినా అనే పిలిచి ఉంటడు. గా దేవుడు నన్నేమంటడు?"

"దేవుడు ఏమనడు. మరి అరియస్ ఊకుంటడా?"

దేవదాసు ఆగి, దిక్కులు చూసి, గొంతు తగ్గించాడు.

"అడిగిన. గీ ఒక్కపూటకు జర ఊకోవె అన్నా, అని బతిలాడిన."

సరోజన కొంగు అడ్డం పెట్టుకుని ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది. చచ్చినవాడితోనైనా, మొత్తానికి రాజీ పడ్డాడు మొగుడు.