హుసేనమ్మ లెక్కలో మూడో దినం

1988లో నేను ఆదోనిలో ఒక డాక్టరమ్మ నర్సింగ్‌హోంలో ఆయాగా ఉన్నాను. చదివింది మూడో తరగతి. పేర్లు, తారీకులు రాయడం వచ్చని, బిడ్డలు కాలేదని వచ్చే ఆడవాళ్ల నోటుబుక్కు డాక్టరమ్మ నా చేతికిచ్చింది. దూది గానీ మాట గానీ దుబారా చేస్తే నాకు గిట్టదు. ఈ కేసులో ఆ పొదుపే కొంప ముంచబోయింది.

ఆ ఏడే మా దగ్గర ఎఫ్.ఎస్.హెచ్. టెస్టు మొదలైంది. అది అండాన్ని పెంచమని తలలోంచి హుకుం చేసే హార్మోను. లోపల అండాలు అయిపోతా వస్తే హుకుం గట్టిగా పడుతుంది, నెత్తురులో లెక్క పెరుగుతుంది. ముట్టు మొదలైన మూడో దినం చూసినప్పుడు లెక్క తక్కువుంటే మందులకు ఆశ ఉంది, బాగా ఎక్కువుంటే మందులు దండగ. నాకు డాక్టరమ్మ చెప్పింది ఇంతే. నెత్తురు మంచుగడ్డల ఫ్లాస్కులో బెంగుళూరు పోయేది, ఫలితం పోస్టులో వచ్చేది. కవరు వచ్చిన దినం నా చెయ్యి పని మీద నిలిచేది కాదు.

హుసేనమ్మది ఎమ్మిగనూరు. మొగుడు మస్తాన్ పరుపులు కుడతాడు. పెండ్లయి తొమ్మిదేండ్లు. ఇదే ఆఖరి డాక్టరు, ఇంక తిరిగేది లేదని ఇద్దరూ అనుకొని వచ్చినారు. మూడో దినం పొద్దున్నే రమ్మని చెప్పినాను. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

వచ్చింది, నెత్తురిచ్చి పోయింది. కవరులో లెక్క పందొమ్మిది. మందులేసినా ఫలం ఉండదని డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. మస్తాన్ టోపీ తీసి చేతిలో నలుపుతా ఉండిపోయినాడు. హుసేనమ్మ వరండాలోకొచ్చి ఏడ్చింది. నాకు ఏడుపులు పడవు, ఊరుకొమ్మని గదమాయించినాను.

"నెత్తురిచ్చిన పొద్దు నమాజు చేసుకొనే బస్సెక్కినా పెద్దమ్మా. అయినా ఇట్లొచ్చె."

ఊడుస్తాండే చీపురు ఆగిపోయింది. ముట్టులో మీరు నమాజు చెయ్యరు గదా, మూడో దినం ఎట్ల చేస్తివని అడిగినాను.

"ముట్టు నిలిచి తలకు నీళ్లు పోసుకున్న కాడ్నుంచి మూడో దినం గదా. ఎనిమిదో నాడు పోసుకుంటి. అంతకు ముందు ఆస్పత్రికి యాడ రావల్ల?"

వేళ్లు మడిచి చూసుకున్నాను. పదో దినం! లోపల ఇంకొకామెను చూస్తాండారని కూడా తలచకుండా తలుపు తోసుకొని పోయినాను. డాక్టరమ్మ కోప్పడబోయి, విని, నోటుబుక్కు లాక్కుంది. హుసేనమ్మకు ఇరవై నాలుగు దినాలకే ముట్టు వస్తుందని అందులో నేనే రాసి ఉంటి.

"ఈరమ్మా, ఈమెకు పదో దినమంటే అండం విడుదలయ్యే సమయం. అప్పుడు ఎవరికైనా ఈ లెక్క పైకి లేస్తుంది. ఇది చెడ్డ వార్త కాకపోవచ్చు" అనింది.

మళ్లీ సూది అంటే మస్తాన్ మొహం చిట్లించినాడు. మల్లా పొడిచేదానికి కొత్త కథ చెప్తాండారా అన్నాడు.

"పొడిచేది నీకు కాదులేప్పా. ఆమెకు లేని భయం నీకెందుకు?" అన్నాను. హుసేనమ్మ ఏడుపులోనే నవ్వింది.

మరుసటి నెల, మరక కనపడిన మూడో దినాన వచ్చింది. ఆ స్థితిలో ఎప్పుడూ గడప దాటని మనిషి, మొగుడు కుట్టిచ్చిన పరుపు ముక్క బస్సు సీటు మీద పరుచుకొని వచ్చింది. కవరు వచ్చినప్పుడు డాక్టరమ్మ కాగితం నా ముందు పెట్టింది. అంకెలు నాకూ వచ్చు. ఏడు! మందులకు ఆశ ఉండే లెక్కే. ఆ దినం ఎవర్నీ తిట్టలేదని నర్సులు ఎగతాళి చేసినారు.

మాత్రలు మొదలుపెట్టిన మూడో నెల ముట్టు రాలేదు. మరుసటి ఏడు మా నర్సింగ్‌హోంలోనే ఆడబిడ్డ.

లెక్క మంచిగొస్తే బిడ్డ ఖాయమని కాదు. అంతే మంచి లెక్క వచ్చీ బిడ్డ కాని వాళ్లను చూసినాను. ప్రయత్నం చేయొచ్చా అని మాత్రం అది చెప్తుంది, అదీ సరైన దినం తీస్తేనే. ఆ తప్పు లాబ్‌ది కాదు, హుసేనమ్మదీ కాదు, నాది. తర్వాత ఎన్నో దినమని నేను ఎవర్నీ అడగలేదు. మొదటి మరక చూసింది ఏ వారమని అడిగి, దినాలు నేనే లెక్కేసుకునేదాన్ని. సోమవారమో మంగళవారమో వాళ్ల నోట వచ్చేదాకా సిరంజి విప్పనిచ్చేదాన్ని కాదు.