మా అమ్మకు కట్టించిన వాయిలు చీర

మా అమ్మ పేరు హులిగెమ్మ. ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో పుట్టింది, ఆ వీధిలోనే నాలుగిళ్ళ అవతలికి కాపురానికి పోయింది. పొట్టి మనిషి. మా నాయన ఈరన్న నేసిన ఎర్రగళ్ళ ముతక చీరను గోచి పోసి పిక్కల పైకి కట్టేది. మగ్గానికి నిలువు పోగుల పడుగు పోయాలంటే పొద్దంతా పుల్లల మధ్య అటూ ఇటూ నడవాలి, పాదాల మీద చీర పడితే పని కాదు. ముందర ముడేసే రవిక. తలకు ఆముదం. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ. కండెలు చుట్టీ చుట్టీ కుడి తొడ మీద చీర ఎప్పుడూ వెలిసిపోయి ఉండేది. దగ్గరికి పోతే పుల్లటి గంజి వాసన. నాకు పెళ్ళయ్యేదాకా ఆ వాసన ఒకటుందని కూడా నాకు తెలియదు.

నా పేరు ఉరుకుంద. నన్ను ఆదోనిలో ఇచ్చారు. నా మొగుడు పాండురంగయ్య మా కులంవాడే, కానీ మగ్గం వదిలేసి పత్తి మిల్లులో గుమాస్తాగా చేరాడు. పత్తి వ్యాపారం చేసే శెట్టిగారింటి వెనక భాగంలో బాడుగకు ఉండేవాళ్ళం. శెట్టిగారి భార్య సుబ్బలక్ష్మి. ఆమె ఏ చీర కడితే మూడు నెలల తర్వాత నేనూ అలాంటిదే, చవకది, కట్టేదాన్ని. రెండు జడలు వేసుకున్న కోతి పిల్లలా ఆమె వెనకాలే తిరిగాను. సిగ్గులేని వయసు.

కర్నూలు రాజధాని కావడానికి ముందటి ఏడు నాకు రెండో కాన్పు. అప్పుడు కరువు. పుట్టింట్లో గింజల్లేవని నేను పోలేదు, అమ్మే మూటతో వచ్చింది. ఆ మూటలో ఇంకొక చీర, అంతే. రెండు నెలలు నాకు పథ్యం వండింది, పిల్లకు నీళ్ళు పోసింది.

ఒకరోజు అమ్మ బావి దగ్గర గుడ్డలు పిండుతుంటే సుబ్బలక్ష్మి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఏమే ఉరుకుందా, పనిమనిషిని పెట్టుకుంటివా? మా ఇంట్లో గూడ బోకులు తోముతాదేమో అడుగు."

ఆమె మా అమ్మ అని చెప్పడానికి నాకు ఒక్క మాట చాలు. చెప్పలేదు. "అడుగుతాలే అత్తా" అన్నాను.

అమ్మకు వినబడింది. సుబ్బలక్ష్మి పోయాక గుడ్డలు ఆరేస్తూ నవ్వింది. "అడగాల్సిందే గదే. శెట్టోళ్ళ ఇల్లు, నాలుగు వడియాలన్నా పెట్టుదురు."

ఆ నవ్వు చూసి నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఈమె ఇట్లా ఉండబట్టే కదా నేను అబద్ధం ఆడాల్సి వచ్చింది అనుకున్నాను. అదీ నా బుద్ధి.

మర్నాడు నా మొగుడి చేత లేత నీలం మిల్లు వాయిలు చీర తెప్పించాను. చిన్న చిన్న తెల్ల పూలు. దర్జీ దగ్గర కొక్కేల జాకెట్టు కుట్టించాను, లోపావడ కుట్టించాను. అవి కుట్టి వచ్చిన రోజు అమ్మకు సీకాయతో రెండుసార్లు తల రుద్దాను. కుంకుమ తుడిచి మినపగింజంత బొట్టు పెట్టాను.

"ఈ కొక్కేలు ముందరకా, ఎనక్కా?" అంది అమ్మ.

"ముందరకే. గమ్మున నిలబడు."

"గుడ్డ కట్టినట్టే లేదే. గాలి సుట్టుకున్నట్టు ఉండాది. మీ నాయన సూస్తే నగుతాడు."

"నగనీలే."

కానీ ఆమెకు నచ్చింది. అది చెప్పకపోతే అన్యాయం. వాకిట్లో నాలుగడుగులు వేసి, కుచ్చెళ్ళను రెండు వేళ్ళతో పట్టుకుని చూసుకుంది. నేను చూస్తున్నానని తెలిసి వదిలేసింది. యాభై ఏళ్ళ మనిషి, చెవులదాకా ఎర్రబడింది.

ఆ మధ్యాహ్నమే పాత గుడ్డలకు సామాన్లు ఇచ్చేవాడు వీధిలోకి వచ్చాడు. అమ్మకున్నవే రెండు చీరలు, రెండూ వాడి గంపలో వేసి ఒక సత్తు గిన్నె తీసుకున్నాను.

"నా సీరలు యాడే?" అంది సాయంత్రం.

"గిన్నెకు ఏసినా."

"మీ నాయన నేసినవే అవి."

"అందుకే ఏసినా."

అమ్మ పోయి గిన్నె కడిగింది. ఆ గిన్నెలోనే పాలు కాచింది.

నాలుగు రోజులకు అమ్మను ఎమ్మిగనూరులో దింపడానికి పిల్లనెత్తుకుని నేనూ బస్సెక్కాను. దింపడానికి కాదు, వీధి మొత్తం మా అమ్మను చూడాలి, అందుకు. వీధి మొదట్లోనే అమ్మ ముందు నడిచేట్టు నేను వెనకబడ్డాను.

చూశారు. అరుగుల మీద కండెలు చుట్టేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఎవరూ పలకరించలేదు. నాయన మగ్గం గుంతలోంచి తలెత్తి అమ్మను చూశాడు, మళ్ళీ తల దించుకున్నాడు. నవ్వలేదు.

సంగతి పక్కింటి ఈరమ్మ వచ్చి చెప్పింది. మిల్లు గుడ్డ చవకై నేసిన చీరలు నూలిచ్చే షావుకారు కొట్లో గుట్టలు పడ్డాయి, కొనేవాడు లేడు. అందుకని వారం కిందట కులం పెద్దలు గుడి దగ్గర కూర్చుని కట్టు పెట్టారు. నేతగాళ్ళ ఇంట్లో ఎవరూ మిల్లు గుడ్డ కట్టరాదు. కడితే ఆ ఇంటి పడుగుకు ఇంకొకరి చేయి తగలదు.

పడుగుకు చేయి తగలదంటే అన్నం దొరకదని అర్థం. పడుగును వీధి పొడవునా సాగదీసి కడతారు, గంజి పట్టిస్తారు, ఆ గంజి ఆరేలోపల అటు నలుగురు ఇటు నలుగురు పెద్ద కుంచెలతో దువ్వాలి. లేకపోతే పోగు పోగుకు అంటుకుని చెక్క అయిపోతుంది. ఒక ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. అందుకే మా వీధిలో ఎవరి పడుగుకైనా పిలుపు ఉండదు. గంజి వాసన వస్తే కుంచె తీసుకుని పోవడమే.

కాసేపటికి పెద్దయ్య వచ్చాడు. కులానికి ఆయన మాటే మాట. మంచివాడే, ఇప్పుడు చెబుతున్నాను, అప్పుడు అనుకోలేదు.

"తెలీక జరిగిండేది లే హులిగీ. నువ్వు ఊర్లో లేవు. ఈరమ్మ సీర ఇస్తాది, కట్టుకో. ఆ మిల్లు గుడ్డ ఇట్లియ్యి, గుడి ముందర కాలుస్తాం. అంతటితో అయిపాయ."

అమ్మ తలూపింది. ఈరమ్మ అప్పటికే తన చీరొకటి చేతి మీద వేసుకుని నిలబడింది. అమ్మ లోపలికి రెండడుగులు వేసింది. అంతే, అంతటితో అయిపోయేది.

నేను నోరు తెరిచాను.

"ఏంటికి కాల్చల్ల? నా మొగుడు కొనిచ్చింది! మీరు నేసే గోనెపట్టలు కట్టుకోని మా యమ్మ కూలిదాని మాదిరి తిరగల్లనా? ఆదోనికి వచ్చి సూడండి, మీ సీరల మీద కుక్క గూడ పండుకోదు. కొనేవాడు లేడని మా యమ్మ మీద పడి ఏడుస్తారా?"

వీధి మొత్తం విన్నది. లోపల మగ్గం ఆగింది. పెద్దయ్య నా వైపు చూడనే లేదు.

"హులిగీ, నీ బిడ్డ మాట నీ మాటేనా?"

అమ్మ "కాదు" అంటే చాలు. అలా అంటే నేను పుట్టింటి వాకిట్లో అందరి ముందర నోటి దురుసుదానిగా నిలబడతాను, ఆ గడప మళ్ళీ తొక్కడానికి నాకు ముఖం ఉండదు. నా నోటికి అది తక్కువ శిక్షే. అమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడింది. నేను ఆమె వైపు చూశాను. "కాదను అమ్మా" అని నేనైనా అనవచ్చు. అనలేదు.

"నా బిడ్డ అది" అంది అమ్మ. "దాని మాట నాది కాదని ఎట్ల సెప్పేది పెద్దయ్యన్నా?"

పెద్దయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పోయాడు. ఈరమ్మ చీర మడత పెట్టుకుని వెనక్కి తిరిగింది.

మర్నాడు తెల్లారగానే నాయన పడుగు తీశాడు. అది రెండు నెలల బతుకు. షావుకారు ఇచ్చిన నూలు. అది చెడితే మళ్ళీ నూలు రాదు.

"వద్దు నాయనా, రెండు దినాలు ఆగు" అన్నాను.

"వస్తారు లే" అన్నాడు. "ముప్పై ఏండ్లు వాళ్ళ పడుగులకు నేను పోలేదా? గంజి వాసన తగిల్తే కాళ్ళు నిలవవు."

వీధిలో కర్రలు పాతి పడుగు సాగదీశాడు. గంజి పట్టించాడు. తాను ఒక కుంచె, అమ్మకొకటి, నాకొకటి. పిల్లను అరుగు మీద పడుకోబెట్టాను.

ఎవరూ రాలేదు. అందరూ వాకిళ్ళలోనే ఉన్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ లోపలికి పోలేదు. కూర్చుని చూశారు. ఒకసారి ఈరమ్మ కుంచె పట్టుకుని లేచింది. మొగుడు చేయి పట్టి కూర్చోబెట్టాడు.

మేము ఒక కొస దువ్వేసరికి ఇంకొక కొస బిగుసుకుంటోంది. నాయన అరుస్తున్నాడు, "హులిగీ, ఆ పక్క! హులిగీ, ఈ పక్క!" అమ్మ పరుగెత్తాలి. ఎట్లా పరుగెత్తుతుంది? కాళ్ళకు నా లోపావడ, దాని మీద నా కుచ్చెళ్ళు. గోచి పోసుకుందామని కుచ్చెళ్ళు వెనక్కి లాగింది. వాయిలు నిలవలేదు, జారింది. ఒక చేత్తో చీర, ఒక చేత్తో కుంచె. మూడోసారి తిరిగేటప్పుడు కాలికి చీర తగిలి పడుగు మీదనే పడింది. పోగులు పటపటా తెగాయి. ఆ చప్పుడుకు వీధిలో ఒక ముసలాయన "అయ్యో" అన్నాడు. ఆ ఒక్క మాటే ఆ రోజు వీధి మాతో మాట్లాడింది.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి పడుగు చెక్క అయిపోయింది. నాయన ఒక పోగు విడదీసి చూశాడు. తెగింది. ఇంకొకటి చూశాడు. తర్వాత చూడలేదు.

షావుకారు నూలు ఇవ్వలేదు. నెల తర్వాత నాయన మగ్గం గుంతలో మట్టి పోసి పూడ్చాడు, అమ్మ దాని మీద పేడతో అలికింది. ఇద్దరూ ఆదోనికి నా ఇంటికి వచ్చారు. నాయనను నా మొగుడు మిల్లు గేటు కాడ కావలికి పెట్టించాడు. నాయన నాతో అవసరానికే మాట్లాడేవాడు. మూడో ఏట పోయాడు.

అమ్మ ఇంకా మూడేళ్ళు నా దగ్గర ఉంది. ఆమెను నా ఇష్టం వచ్చినట్టు తయారు చేశాను. నాయన ఉన్నన్నాళ్ళూ పూల చీరలు, పోయాక సన్నంచు తెల్లవి. రోజూ తల దువ్వాను. చూసినవాళ్ళందరూ నన్ను మెచ్చుకున్నారు, తల్లిని ఎంత బాగా పెట్టుకుందీ అని. జాకెట్టు కొక్కేలు నేను పెట్టేదాకా చేతులు పక్కకు చాపి నిలబడేది. ఏ చీర కడతావమ్మా అంటే "నీ ఇష్టం తల్లీ" అనేది. అన్నం పెట్టమంటావా అంటే "నీ ఇష్టం తల్లీ". తిట్టమ్మా ఒక్కసారి, కసితీరా తిట్టు అని కాళ్ళు పట్టుకున్నాను. నా తల నిమిరింది. తిట్టలేదు.

ఒకరోజు తల దువ్వుతుంటే చిక్కు పడింది. విసుగుతో గట్టిగా లాగాను. కుదుళ్ళతో సహా వెంట్రుకలు దువ్వెనకు వచ్చాయి, నెత్తి మీద రక్తం చిమ్మింది. అమ్మ కదల్లేదు.

"నొప్పి అయితాందా అమ్మా?" అన్నాను.

"నీ ఇష్టం తల్లీ" అంది.