బాయి పేరు, ఊరి పేరు

మొన్న మోకాళ్ళ నొప్పికి మందు రాయించుకుందామని మంచిర్యాలలో దవాఖానకు పోతే, చీటీలు రాసే కిటికీ పక్కన ఒక అమ్మాయి కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. చీటీ రాయదు, సూది వేయదు, వచ్చే పోయే జనాన్ని చూస్తూ మధ్యమధ్యలో లేచి, ముందు ఆ కిటికీకి ఎందుకు పోయారు, ఇటెందుకు వచ్చారు అని మెల్లగా అడుగుతూ ఉంది. నా వెనకున్న పెద్దాయనకు చిరాకేసి "గీ పిల్లకు ఏం పని లేదా ఏంది?" అని గొణిగాడు. అక్కడ కొత్తగా కంప్యూటర్ పద్ధతి పెడుతున్నారట, పెట్టేముందు పని ఎట్లా నడుస్తుందో చూసి చెప్పడానికి ఆ అమ్మాయిని బయటినుంచి పిలిపించారట. ఆ మాట వినగానే నాకు నొప్పి సంగతే గుర్తులేదు, గోదావరిఖనిలో మా మస్టర్ ఆఫీసు కళ్ళముందు నిలబడింది.

బొగ్గుబాయి బతుకు ఎరిగిన మీబోటివాళ్ళకు మస్టర్ అంటే చెప్పనక్కరలేదు గానీ, ఎరగని పిల్లలెవరైనా చదువుతారేమోనని చెబుతున్నాను. షిఫ్టుకు వచ్చిన ప్రతి మనిషీ మా కిటికీ దగ్గర పేరు చెప్పి హాజరు వేయించుకోవాలి, ఆ తరువాతే తలకు దీపం, ఆ తరువాతే బాయిలోకి దిగడం. మా ఇంటాయన జబ్బుచేసి పోయాక ఆయన బదులు నాకు ఆ కిటికీ వెనక గుమాస్తా పని ఇచ్చారు. ఇచ్చారని ఒక్కమాటలో అంటున్నాను గానీ, ఏడుస్తూ కూర్చున్న నన్ను ఓదార్చి, యూనియన్ ఆఫీసుకూ పెద్దాఫీసుకూ చెప్పులరిగేలా తిరిగి ఆ పని ఇప్పించినవాడు మా అక్క భర్త, మా బావ. వాళ్ళ క్వార్టరు మా వెనక లైనులోనే. ఆ ఇంటి పొయ్యి మీద ఏం ఉడికినా సగం గిన్నె మా ఇంటికి వచ్చేది.

మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చింది తెలంగాణ రాష్ట్రం రాకముందు, ఉద్యమం అంతగా వేడెక్కకముందు. ఏసీ గదిలో వరసగా పెట్టారు, హైదరాబాదు కంపెనీ పిల్లలు కొన్నాళ్ళు ఉండి మాకు నేర్పారు, అంతలోనే పని నిలిచిపోయింది. వాటి మీద పాత చీరల గుడ్డలు కప్పాం. దసరా వచ్చినప్పుడు మాత్రం గుడ్డ తీసి, తుడిచి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, మళ్ళీ కప్పేవాళ్ళం. అంత భక్తితో చూసుకున్న యంత్రాలను నేను ఆ తరువాత ఎక్కడా చూడలేదు.

పని ఎందుకు నిలిచిపోయిందని పైవాళ్ళు అడిగితే కార్మికులకు కంప్యూటరంటే భయమని అధికారులన్నారు, ఉద్యోగాలు పోతాయని మేమే వద్దన్నామని యూనియన్ వాళ్ళన్నారు. రెండూ ఉత్త మాటలే. అసలు సంగతి మా అందరికీ తెలుసు. ఆ కంప్యూటర్‌లో ఒక మనిషిని ఎక్కించాలంటే ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, రేషన్ కార్డు, అన్నీ ఒకదానితో ఒకటి కలవాలి, ఒక్కటి తప్పినా మనిషిని లోపలికి రానివ్వదు. మా బాయిలో ఎంతోమందికి అవి కలవవు. వెనకటి రోజుల్లో బాయిలో పనికి పిలుపు ఒకరికి వస్తే, ఆ మనిషి చీకట్లోకి దిగడానికి జంకి ఊరికి పారిపోతే, ఆ పేరు మీద ఇంకొకరు దిగేవారు. అప్పుడు మనుషులు దొరకడమే కష్టం, అడిగినవాళ్ళూ లేరు. మా బావ అట్లా దిగినవాడే. ఊరిలో ఆయన ఓదెలు, బాయి మీద లింగయ్య. లింగయ్యగానే ముసలివాడు కావస్తున్నాడు. ఇప్పుడు కంప్యూటర్ అడిగే ఈ గడులన్నీ నింపితే దొంగపేరు వాడని ఇంటికి పంపిస్తారు, పింఛను లేదు, క్వార్టరు లేదు. మా అక్క ఓదెలు అని ఉన్న రేషన్ కాగితాలను బియ్యం డబ్బాలో దాచిపెట్టి, అడిగితే ఎలుకలు కొట్టేశాయని చెప్పమనేది.

అట్లాంటి రోజుల్లో వచ్చిందండీ ఆ మేడమ్. నడివయసు మనిషి, నేత చీర, భుజాన గుడ్డ సంచి, కోస్తా మాట. కంప్యూటర్ పని ఎందుకు సాగడంలేదో చూసి చెప్పడానికి మా బొగ్గు కంపెనీ ఆమెను బయటినుంచి పిలిపించిందన్నారు. ఎవరిని తీసేయాలో రాసుకుపోవడానికే వచ్చిందని క్యాంటీనులో చెప్పుకున్నాం, ఆమె వస్తే గప్‌చుప్. కానీ రోజులు గడిచేకొద్దీ నాకు భయం కంటే వింతే ఎక్కువైంది. ఈమె కంప్యూటర్ ముందు కూర్చోదు. బొగ్గు సంగతి తెలియదు. మా మీద పెత్తనం లేదు. మరి ఈమెకు జీతం ఎందుకిస్తున్నారు? అది తెలుసుకోవాలని నేనే ఆమె వెంట వెంట తిరిగాను.

పొద్దున మొదటి షిఫ్టుకు అందరికంటే ముందు వచ్చి మా కిటికీ పక్కన నిలబడేది. ఈ కాగితం ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు, చదవకపోతే ఏమవుతుంది అని అడిగేది. ఏళ్ళ తరబడి మూడు ప్రతులు రాస్తున్న కాగితం ఒకటుంది, మూడో ప్రతి ఎవరికి పోతుందో మాలో ఒక్కరికీ తెలియదని ఆమె అడిగాకే తెలిసింది. కంప్యూటర్లు ఏసీ గదిలో ఉంటే కిటికీ దగ్గరి మనిషికి ఏం లాభమని ఆమె అంటే, దుమ్ము పడుతుందని, మళ్ళీ వచ్చిన హైదరాబాదు కంపెనీ పిల్లలన్నారు. "దుమ్ము తుడవొచ్చు బాబూ, ఈ మనుషుల్ని ఆ గది చుట్టూ తిప్పలేం కదా" అంది. మా మేనేజరు గారు ఇదే మాట అడిగితే మేం నోరు విప్పేవాళ్ళం కాదు, ఎందుకంటే ఆయన అడిగితే దాని వెనక ఏదో ఉంటుందని మా అనుమానం. ఆమె తెలియక అడుగుతోంది, ఆ తెలియకపోవడాన్ని దాచుకోలేదు కూడా. మాకు చెప్పాలనిపించేది.

ఒకరోజు మధ్యాహ్నం నేనే భోజనానికి పిలిచాను. పిలిచింది మా ఇంటికే, కానీ సర్వపిండి మా అక్క చేసినట్టు నాకు రాదు కాబట్టి అక్క ఇంట్లోనే పెట్టించాను. బావ డ్యూటీ దిగి స్నానం చేసి వచ్చి, మేడమ్‌కు దండం పెట్టి, లింగయ్యనని చెప్పుకున్నాడు. మేడమ్ రెండో ముక్క తుంచిందో లేదో, వెనక అరుగు మీదినుంచి బావ తల్లి, చెవులు వినపడని ముసలి అవ్వ, గొంతెత్తి కేక వేసింది.

"ఓ ఓదెలూ! బువ్వ తిన్నవా బిడ్డా? జర ఇటు రారాదు!"

బావ కదలలేదు. అవ్వ ఊరుకుంటుందా, ఇంకా పెద్దగా పిలిచింది. చివరికి బావ తల వంచుకుని లేచి తల్లి దగ్గరికి పోయాడు. మేడమ్ ఏమీ విననట్టే సర్వపిండి బాగుందని అక్కను మెచ్చుకుని, ఎట్లా చేస్తారని అడిగింది. నా కడుపు నింపినవాడి కడుపు మీద నేనే కొట్టానే అని ఆ పూటంతా నాలో నేను కుమిలిపోయాను.

మరునాడు ఆమె నన్ను బాయి బయట వేపచెట్టు కిందికి తీసుకుపోయి, ఇట్లా రెండు పేర్లవాళ్ళు ఇంకా ఉన్నారా అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. "మేడమ్, మీ కాళ్ళు మొక్కుత, మా బావ నౌకరి పోతది, ఎవ్వలికి చెప్పకుండ్రి" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఏ ఒక్కరి గురించీ రాయడానికి నేను రాలేదమ్మా. పని ఎక్కడ ఆగిందో చూడటానికి వచ్చాను. అది ఇప్పుడు తెలిసింది" అంది. ఆ మాట నమ్మాలో వద్దో తెలియక రెండు మూడు రోజులు నేను అక్క ముఖం చూడలేదు.

తరువాత పెద్ద మీటింగు పెట్టారు. అధికారులు, హైదరాబాదు కంపెనీ పిల్లలు ఒకవైపు, యూనియన్ వాళ్ళు ఒకవైపు, రాతపనికి నేను మూలన. ఆమె లేచి, మామూలు గొంతుతో, ఇక్కడ చాలామందికి బాయి పేరొకటీ ఊరి పేరొకటీ ఉందని, ఈ గదిలో ఇన్నాళ్ళూ ఆ సంగతి తెలియనిది తానొక్కతే అని అంది. మేనేజరు గారు ఫ్యాను వైపు చూశారు. యూనియన్ నాయకుడు దగ్గాడు. మనిషి పనికి వచ్చాడా లేదా అన్నది తెలియడానికి ఆయన మస్టర్ నంబరు చాలునని, తండ్రి పేరుతో ఈ యంత్రానికి పని లేదని, ఆ గడులు తీసేయమని ఆమె కంపెనీ పిల్లలకు చెప్పింది. "పేరు సంగతి మీరూ మీరూ కూర్చుని తేల్చుకోవలసింది. ఇన్నేళ్ళుగా మీరు తేల్చనిదాన్ని కంప్యూటర్ నెత్తిన పెడితే అది మాత్రం ఏం చేస్తుంది?" అంది. కాసేపటికి మేనేజరు గారు అందరికీ చాయ్ తెప్పించారు. అప్పుడు నాకర్థమైంది ఒప్పుకున్నారని.

గుడ్డలు తీశాం, కంప్యూటర్లు కిటికీ దగ్గరికి వచ్చాయి, కొన్నాళ్ళు పాతపద్ధతీ కొత్తపద్ధతీ పక్కపక్కన నడిపించి, తేడాలు సరిచేసి ఆమె వెళ్ళిపోయింది. పొరపాట్లు రాకపోలేదు గానీ మళ్ళీ మూలపడలేదు. ఆమె ఒక్క లైను కూడా ప్రోగ్రాము రాయలేదు. మాలో ఎవరికీ చుట్టమూ కాదు, పగా కాదు, రేపు మా వాడకట్టులో ఉండేదీ కాదు, అందుకే మేం ఒకరితో ఒకరం అనలేని మాట ఆమె అనగలిగింది.

బావ లింగయ్యగానే పూలదండ వేయించుకుని రిటైరయ్యాడు. పింఛను వస్తుందని తెలిసిన రోజు అక్క ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేను. పేర్ల సంగతి అప్పటికీ ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. బావ మాత్రం ఇగ నన్ను నా పేరుతోనే పిలువుండ్రి అని సరదాగా అందరినీ అడిగేవాడు. ఎవరికీ నోరు తిరగలేదు, నాలుగు రోజులు ప్రయత్నించి మళ్ళీ లింగన్నా అనే పిలిచారు. అవ్వ పోయాక ఆ పేరుతో పిలిచే మనిషే లేకుండా పోయింది.

ఇప్పుడు బాయి దగ్గర ముఖం చూపిస్తే చాలట, యంత్రమే గుర్తుపట్టి హాజరు వేస్తుందట. మంచిదే, కిటికీ ముందు తోపులాట లేదు. కాంట్రాక్టు పిల్లలు ఎక్కడెక్కడినుంచో వస్తారు, యంత్రానికి అందరూ తెలుసు, పక్కన నడిచే మనిషికి మాత్రం ఎవరూ తెలియరు. ఒక వాడకట్టంతా ఒక మనిషి గుట్టును ఏళ్ళకేళ్ళు కడుపులో పెట్టుకుని కాపాడిన కాలం మాది. అట్లాంటి గుట్టు ఇప్పుడు ఎవరికీ అవసరం లేదు, అంత నమ్మకమూ ఎవరిమీదా లేదు.

నిరుడు బావ పోయినప్పుడు, క్వార్టరు వదిలాక వాళ్ళు మారిన ఇంటి వీధి మొదట్లో, తొందరలో ఫోటో లేకుండానే ఫ్లెక్సీ కట్టించడానికి పిల్లలు ఏ పేరు రాయాలని అడిగారు. పెళ్ళయిన నాటినుంచి మొగుడి పేరు నోట పలకని మా అక్క, కళ్ళు తుడుచుకుని, "ఓదెలు అని రాయించుండ్రి" అంది. కడసారి చూపుకు వచ్చిన ఆయన షిఫ్టు స్నేహితులు ఆ పేరు చదివి, ఇది వేరే ఎవరి ఇల్లోననుకుని, ముందుకు వెళ్ళిపోయారు. నేనే ఉరికి పోయి వెనక్కి పిలుచుకొచ్చాను.